సెయింట్ ఐజాక్ చర్చికి టికెట్ ఎందుకు కొనాలి?

సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లిన మనవాళ్లు ఎవరైనా సెయింట్ ఐజాక్ కెథడ్రల్ ముందు రెండు పనులు చేస్తారు. ఆ బంగారు గోపురం మొత్తం ఫోన్‌లో పట్టేదాకా వెనక్కి నడుస్తూ పోతారు, ఆ తర్వాత టికెట్ కౌంటర్ చూసి "చర్చికి టికెట్టా?" అంటారు. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనకోడలు ఊరు తిప్పి చూపిస్తుంటే నేనూ అదే అడిగాను. "ఇది చర్చి కాదు మామయ్యా, మ్యూజియం" అంది. తీరా లోపలికెళితే ఒక పక్కన గడ్డం ఫాదర్ ధూపం వేస్తున్నాడు, పది మంది నిలబడి దండాలు పెట్టుకుంటున్నారు. మరి అదేంటే అంటే, "అది మాత్రం చర్చే" అంది.

నవ్వొచ్చింది గానీ, ఆ జవాబు వెనక మూడు వందల ఏళ్ల కథ ఉంది. 2017లో ఊరు ఊరంతా రెండుగా చీలి కొట్లాడుకుంది కూడా ఈ విషయం మీదే.

మొదటి సంగతి, ఈ చర్చి భక్తులు చందాలు వేసుకుని కట్టుకున్నది కాదు. పీటర్ చక్రవర్తి పుట్టినరోజు పాత రష్యా క్యాలెండర్ ప్రకారం మే 30, అది డాల్మేషియా ఐజాక్ అనే సాధువు పండగ రోజు. అందుకే ఊరు కట్టిన కొత్తలో ఓడల కార్ఖానా పక్కన ఆ సాధువు పేరిట చెక్క చర్చి ఒకటి పెట్టించాడు. 1712లో కేథరిన్‌తో ఆయన పెళ్లి అందులోనే జరిగింది. రెండోది రాతితో నది ఒడ్డునే కట్టారు, ఒడ్డు కోసుకుపోయి అది నిలవలేదు. మూడోది తర్వాతి కాలపు మహారాణి రెండో కేథరిన్ పాలరాయితో మొదలుపెట్టింది, ఆమె పోయాక కొడుకు పాల్ ఆ పాలరాయిని తన కోటకు తరలించేసి మిగతాది ఇటుకలతో కానిచ్చేయమన్నాడు. కింద పాలరాయి, పైన ఇటుక, అతుకుల బొంతలాంటి ఆ చర్చి మీద ఊళ్లో జోకులు పుట్టాయి. అప్పటి రాజధాని నడిబొడ్డున ఇలాంటిదా అని 1818లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడున్నది ఆ నాలుగోది. మోన్‌ఫెరాన్ అనే కుర్ర ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ చేతిలో పెట్టారు. అది పూర్తయ్యేసరికి 1858 వచ్చింది, నలభై ఏళ్లు!

అంతకాలం ఎందుకు పట్టిందో ఆ స్తంభాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మండపాల్లో ఉన్నవి 48, ఒక్కొక్కటి 17 మీటర్ల పొడవు, 114 టన్నుల బరువు. ఒక్కటి కూడా అతుకు లేదు, మొత్తం ఏకశిలే. ఫిన్లాండ్ తీరంలో క్వారీ నుంచి ఎర్ర గ్రానైట్‌ని పడవల మీద తెచ్చారు. ఊరు కట్టిందేమో బురద నేల మీద, కాబట్టి ముందు వేల కొద్దీ చెక్క దుంగలు భూమిలోకి దిగ్గొట్టి ఆ పైన పునాది వేశారు. తమాషా ఏంటంటే గోడలు లేవకముందే స్తంభాలు నిలబెట్టేశారు, ఎత్తడానికి చోటుండాలి కదా. 1828లో మొదటి స్తంభాన్ని లేపిన తీరుకు చెక్క నమూనా ఒకటి లోపల పెట్టారు, నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. గానుగెద్దులా మనుషులే చుట్టూ తిరుగుతూ తాడు చుట్టే యంత్రాలు 16, ఒక్కోదానికి ఎనిమిది మంది. ముప్పావుగంటలో స్తంభం నిలబడిపోయిందట.

గోపురానికి పట్టిన బంగారం దాదాపు 100 కిలోలు. బంగారాన్ని పాదరసంలో కరిగించి రేకు మీద పూసి కాలుస్తారు, పాదరసం ఆవిరైపోతే బంగారం అంటుకుంటుంది. ఆ ఆవిరి పీల్చి 60 మంది కూలీలు పోయారని చెబుతారు. ఫొటోల్లో మెరిసే పసుపు మాత్రమే కనిపిస్తుంది.

ఖర్చంతా ఖజానాదే, ఆ తర్వాత నిర్వహణ కూడా ప్రభుత్వమే చూసుకుంది. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, 2017 గొడవలో జనం ఎత్తి చూపింది దీన్నే.

1917 విప్లవం వచ్చింది, కొన్నేళ్లకు చర్చిలోని వెండి బంగారాలు పట్టుకుపోయారు, 1928లో ప్రార్థనలు ఆపించారు. 1931లో దాన్నే మత వ్యతిరేక మ్యూజియంగా తెరిచారు. గోపురం నడిమధ్యన పరిశుద్ధాత్మకు గుర్తుగా వేలాడే పావురాన్ని దింపేసి, అక్కడ ఫిజిక్స్ పుస్తకంలో మనం చదువుకున్న ఫూకో లోలకాన్ని వేలాడదీశారు. తీగ పొడవు 90 మీటర్ల పైమాటే. గైడ్ నేల మీద అగ్గిపెట్టె నిలబెడితే, లోలకం ఊగే దిశ మెల్లగా జరుగుతూ వచ్చి కాసేపటికి దాన్ని పడగొట్టేది. భూమి తిరుగుతోంది, దేవుడి అవసరం లేదు అని చెప్పడమన్నమాట. వ్యంగ్యం బాగానే ఉంది గానీ, దానికోసం పావురాన్ని దింపడం నాకు చిన్నబుద్ధిగానే అనిపించింది. 1986లో లోలకాన్ని తీసేశారు, పావురం మళ్లీ పైకెక్కింది.

అయితే కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. ఆ రోజుల్లో చాలా చర్చిలను కూల్చేశారు, మాస్కోలో క్రైస్ట్ ద సేవియర్ కెథడ్రల్‌ని అదే 1931లో పేల్చేసి, చివరికి అక్కడ స్విమ్మింగ్ పూల్ కట్టారు. ఐజాక్ నిలబడింది, మ్యూజియం కావడం వల్లే నిలబడిందని అక్కడి వాళ్లు చాలామంది నమ్ముతారు. యుద్ధంలో జర్మన్లు ఊరిని చుట్టుముట్టినప్పుడు గోపురానికి బూడిద రంగు పూసి, చుట్టుపక్కల రాజభవనాల సామాన్లు తెచ్చి దీని కింది గదుల్లో దాచారు. మ్యూజియం ఉద్యోగులు ఆకలితో, చలితో ఆ సామాన్లకు కాపలా ఉన్నారు. ఒక స్తంభానికి తగిలిన ఫిరంగి గుండు దెబ్బను ఇప్పటికీ పూడ్చకుండా అలాగే ఉంచారు. పక్కన ఫలకం మీద అంకె ఉంది: 1941 నుంచి 44 వరకు ఊరి మీద పడిన గుండ్లు 1,48,478. ఆ గుంటలో నా పిడికిలి పెట్టి చూశాను, సులువుగా పట్టేసింది.

1990లో ప్రార్థనలు మళ్లీ మొదలయ్యాయి. భవనం మ్యూజియందే, పూజలు చర్చివి, టికెట్ డబ్బులతో రిపేర్లు. ఇలా పాతికేళ్లు సర్దుకుపోయారు. 2010లో మతపరమైన ఆస్తులు మత సంస్థలకు అప్పగించడానికి రష్యాలో ఒక చట్టం వచ్చింది. 2017 జనవరిలో ఊరి గవర్నర్, ఐజాక్‌ని 49 ఏళ్లకు చర్చి వాడకానికి ఇచ్చేస్తున్నాం, ఆస్తి మాత్రం నగరానిదే అని ప్రకటించాడు. అంటే టికెట్ ఉండదు. వినడానికి మంచి వార్తే కదా, మరి జనానికి కోపమెందుకొచ్చింది? రిపేర్ల ఖర్చు ఎవరు పెడతారు, అద్భుతంగా నడుస్తున్న మ్యూజియం ఏమైపోతుంది, అసలు ఎప్పుడూ చర్చి సొంతం కాని దాన్ని "తిరిగి" ఇవ్వడమేంటి, మమ్మల్ని అడిగారా అని. రెండు లక్షల పైగా సంతకాలు పడ్డాయి. గడ్డకట్టే చలిలో నీలి రిబ్బన్లు కట్టుకుని వేలమంది కెథడ్రల్ చుట్టూ నడిచారు. వారం తిరిగేసరికి చర్చి వైపు వాళ్లూ సిలువలు, పటాలు పట్టుకుని అదే చుట్టూ తిరిగారు. పోటాపోటీ ప్రదక్షిణలు!

చర్చి వాదనలో పస లేదనలేం. బలవంతంగా మూయించిన గుడిలో దేవుడిని కౌంటర్ దాటి చూడాల్సి రావడం భక్తులకు అవమానమే. అదే ఊళ్లో కాస్త దూరంలో కజాన్ కెథడ్రల్ ఉంది, సోవియట్ కాలంలో అది నాస్తిక మ్యూజియం, ఇప్పుడు పూర్తిగా చర్చిదే, టికెట్ లేదు, బానే నడుస్తోంది. అయినా నేను ఈ విషయంలో మ్యూజియం వైపే. కట్టించింది రాజు, డబ్బు జనానిది, యుద్ధంలో కాపాడింది మ్యూజియం వాళ్లు.

చివరికి ఎవరూ గెలిచినట్టు ప్రకటించలేదు. అప్పగింత ఉత్తర్వు గడువు 2018 చివరికి తీరిపోయింది, దాన్ని పొడిగించలేదు, అంతే.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ప్రార్థన కోసం వచ్చేవాళ్లకు టికెట్ అక్కర్లేదు. చెప్పులు విప్పబోకండి, నేను అలవాటులో వంగితే మా మేనకోడలు చెయ్యి పట్టి లాగింది. మగవాళ్లు టోపీ తీయాలి, ఆడవాళ్లు తల మీద ఏదైనా కప్పుకోవాలి, కూర్చోడానికి బెంచీలు ఉండవు. పైన వరండా ఎక్కాలంటే మాత్రం వేరే టికెట్, 262 మెట్లు.