కాలనీ అంచున కొత్త ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో గానీ, సంతోష్‌నగర్‌లో గానీ, బాగ్‌లింగంపల్లిలో గానీ పెరిగినవారికి హౌసింగ్ బోర్డు ఇళ్లంటే ఏమిటో, ఎల్ఐజీ (తక్కువ ఆదాయం వారి ఇళ్లు), ఎంఐజీ (మధ్య ఆదాయం వారి ఇళ్లు) అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇలాంటి పాత కాలనీల్లో చివరి వరస ఇళ్లకూ ప్రహరీ గోడకూ మధ్య ఒక్కోచోట పొడుగాటి స్థలం మిగిలిపోతుంది. అక్కడ కొత్త ఇళ్లకు నక్షాలు గీయడం నా వృత్తి. మొదటి సమావేశంలోనే వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఆ స్థలం ఖాళీగానే ఉంది కదా, కడితే ఎవరికీ నష్టం లేదు.

కాగితం మీద ఖాళీయే. ఉదయం ఆరు గంటలకు వెళ్లి ఒక గంట నిలబడండి. నేను చూసిన ఒక కాలనీలో ప్రహరీ గోడకు మనిషి పట్టేంత కంత ఉంది. దాని కింద ఎవరో రెండు సిమెంటు ఇటుకలు మెట్టుగా వేశారు. వాటి అంచులు అరిగి నున్నబడ్డాయి. పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవారు బస్టాపుకు అటునుంచే దిగుతున్నారు. పక్కనే వేపచెట్టు కింద ఇస్త్రీ బండి, చెట్టుకూ స్తంభానికీ కట్టిన దండెం. ఆ కంత ఏ సర్వే పటంలోనూ లేదు. మా నక్షాలో మాత్రం దాన్నే ఎనిమిది అడుగుల బాటగా ఉంచి, భవనాన్ని రెండు ముక్కలు చేశాం.

అంతకంటే ముందు చూడవలసింది లేఅవుట్ పత్రం, అంటే కాలనీలో ఏ స్థలం దేనికో చూపే పటం. ఆ స్థలాన్ని అందులో పార్కుగా చూపి ఉంటే అక్కడ ఇళ్ల ఊసే ఎత్తకూడదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రి కోసం కేటాయిస్తే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: కొత్త భవనం వస్తే పాత ఇళ్లకు ఎండా గాలీ పోతాయి.

ఏ దిక్కున కడుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళకు నిటారు గోడకు నీడే ఉండదు. డిసెంబరు 21న మాత్రం 50 అడుగుల భవనం నీడ మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపు సుమారు 43 అడుగులు పడుతుంది. కాబట్టి కాలనీకి దక్షిణపు అంచున కడితే, వెనక ఇళ్ల ముసలివాళ్లు చలికాలంలో కూర్చునే ఎండను లాక్కున్నట్టే. ఉత్తరపు అంచున అదే ఎత్తు దాదాపు ఎవరినీ బాధించదు. పడమటి అంచున కడితే పాత ఇళ్లకు సాయంత్రపు ఎండ తగ్గుతుంది, అది మేలే. అయితే వానాకాలపు గాలి నైరుతి నుంచే వస్తుంది కాబట్టి అక్కడ గోడకట్టులా ఒకే భవనం లేపకూడదు, మధ్యలో సందులు వదలాలి.

అపోహ: ఎక్కువ ఇళ్లు రావాలంటే అంతస్తులు పెంచాల్సిందే.

వెయ్యి గజాల పొడుగాటి స్థలంలో నాలుగు వేల చదరపు అడుగుల్లో భవనం వేసి నాలుగు అంతస్తులు కడితే, మెట్లకు చోటు పోను 24 చిన్న ఇళ్లు వస్తాయి. కాలనీ ఎత్తుకు అది పొసగుతుంది.

అపోహ: పాత డ్రైనేజీ లైను ఉంది, అందులో కలిపేస్తే సరి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. ఆ 24 ఇళ్లలో ఇంటికి ఐదుగురు అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అన్నది మనం లెక్కకు తీసుకునే ప్రమాణం. అంటే 16,200 లీటర్లు. అందులో 80 శాతం, దాదాపు 13,000 లీటర్లు, మురుగుగా వెళుతుంది. అందుకే మ్యాన్‌హోల్ మూత తీయించి టార్చి వేసి చూడనిదే నేను నక్షా మీద చెయ్యి పెట్టను. ఒకచోట లోపలి గోడ మీద, గొట్టం పైఅంచుకు రెండడుగుల ఎత్తున నల్లటి చార కనిపించింది. వాన పడ్డప్పుడల్లా మురుగు అంత ఎత్తుకు ఎగదన్నుతోందన్నమాట. అలాంటి లైనుకు కొత్త ఇళ్లు కలిపితే పల్లంలో ఉన్న ఎల్ఐజీ ఇంటి స్నానాలగదిలోకి అది పొంగుతుంది. అందుకే అక్కడ కాలనీ లోపలి లైను వదిలేసి, కొత్త గొట్టాన్ని నేరుగా ప్రధాన రహదారి లైనుకు తీసుకెళ్లాం. ఖర్చు పెరిగింది. ఆ ఖర్చు న్యాయమైనదే.

వాన నీరూ అంతే. వెయ్యి గజాల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 8,300 లీటర్లకు పైగా నీరు. నిన్నటిదాకా అందులో కొంత మట్టిలో ఇంకేది. ఇంకుడు గుంత తవ్వుదామంటే మన నగరంలో చాలాచోట్ల నాలుగడుగులకే గ్రానైటు తగులుతుంది. రాతిలో తవ్విన గుంత నీళ్లు నిలిచే తొట్టి మాత్రమే. మొరం లోతుగా ఉన్న చోటు వెతికి అక్కడే తవ్వాలి. దొరకకపోతే సంపు పెద్దది చేయాలి.

అపోహ: కింద అంతా పార్కింగే ఉండాలి.

వీధి పొడవునా స్తంభాలూ కార్లే ఉంటే రాత్రి ఆ వీధిలో ఆడపిల్లలు నడవరు. కనీసం రెండు మూలల్లోనైనా ఇళ్లో, చిన్న దుకాణాలో ఉంచి, వాటి తలుపులు వీధికి తెరవాలి.

అపోహ: గొడవలు రాకుండా కొత్తవారికి వేరే గేటు, మధ్యలో గోడ.

సంక్షేమ సంఘాలు ముందు అడిగేది ఇదే. వారి భయం నాకు అర్థమవుతుంది: బోరు నీళ్లు, ఆట స్థలం, బండ్లు నిలిపే చోటు. ఆ మూడింటి సంగతి కాగితం మీద ముందే తేల్చుకుంటే గోడ అడిగేవారు తగ్గుతారు. నేను మొదట చెప్పిన కాలనీలో గోడ కట్టలేదు. కంత ఉన్నచోట బాట వచ్చింది, వేపచెట్టు ఉంది. ఇస్త్రీ బండికి మూల దుకాణం పక్కన నీడపట్టున చోటిచ్చాం.