అష్టమి నాడు సముద్రంలోకి

"చేపలు చూడ్డానికి అండమాన్ దాకా ఎందుకయ్యా? సూర్యలంకకి పొద్దున్నే కారెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుంటాం" అన్నారు మా బావగారు. మాస్కు పెట్టుకుని నీళ్లలో తల ముంచి, పగడాల మధ్య చేపల్ని చూసే స్నార్కెలింగ్ కోసం కూకట్‌పల్లిలో మా సెలవుల ప్లాను మొదలైంది ఈ మాటతోనే.

న్యాయమైన ప్రశ్నే. అయితే సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకే కనపడవు. కృష్ణా, గోదావరీ దక్కన్ మట్టిని మోసుకొచ్చి ఆ తీరంలోనే దింపుతున్నాయి మరి. వరి చేలకు వరమైన ఒండ్రు పగడాలకు గండం. పగడం జంతువే గానీ దాని ఒంట్లో సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచు, కాపురముంటాయి. ఎండతో అవి వండుకున్న తిండిలో ఎక్కువ వాటా పగడానికే పోతుంది. నీళ్లు మసకబారితే ఆ పొయ్యి ఆరినట్టే. మంచినీళ్లు వచ్చి కలిసి ఉప్పదనం బాగా తగ్గినా పగడం తట్టుకోలేదు. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షదీవులు, మన్నార్, కచ్ సింధుశాఖల్లోనే ఉన్నాయి.

దీవికి వెళ్లినా ఇదే లెక్క. వాగు వచ్చి కలిసే చోటు మనకొద్దు. అండమాన్‌లో మడ అడవుల పక్కన అసలే వద్దు, అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి.

టికెట్లు కొనకముందే నేను ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి దీవి చుట్టూ వేలితో ఒక ప్రదక్షిణం చేస్తాను. లేత పచ్చనీలంగా మెరిసేది లోతు తక్కువున్న ఇసుక. ఫొటోలకు బాగుంటుంది, చేపలు మాత్రం అంతంతే. ఆ లేత రంగులో ముదురు మచ్చలు కనిపిస్తే పగడాలు కావచ్చు, సముద్రపు గడ్డి కావచ్చు. పగడం పిల్లకు అంటుకోవడానికి గట్టి రాయి కావాలి, కదిలే ఇసుక మీద నిలవదు. కాబట్టి అందరూ స్నానాలు చేసే బీచ్ మధ్య భాగం వదిలేసి, రాళ్లు మొదలయ్యే కొసల్లో వెతకాలి. దూరంగా తెల్లటి గీత ఉంటే అది దిబ్బ అంచు, అలలు అక్కడే విరుగుతాయి. ఆ గీత ఎక్కడైనా తెగి నీలంగా ఉందా? దిబ్బ దాటి లోపలికొచ్చిన నీళ్లన్నీ తిరిగి బయటికి పోయే గుమ్మం అది. నీళ్ల మీద తేలేవాళ్లు ఆ ఛాయలకే పోకూడదు.

తర్వాత గాలి. చలికాలంలో అండమాన్‌కి ఈశాన్యం నుంచి గాలి. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, అప్పుడు తూర్పు తీరానికి అలల తాకిడి ఎక్కువ, దీవి చాటునున్న పడమటి వైపు నెమ్మది. లక్షదీవుల్లో మామూలుగా నేల తూర్పు అంచున ఉంటుంది, లగూన్, అంటే దిబ్బ చాటున ఉండే లోతు తక్కువ నీళ్లు, పడమట.

మొదటిసారి మేం వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. మాస్కు పెట్టుకుని తల ముంచితే ట్యాంక్‌బండ్ నీళ్లు గుర్తొచ్చాయి. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, దాని మీద గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రపు గాలి తోసుకొచ్చి అలలు రేపుతుంది, అలలు ఇసుకను లేపుతాయి. పైగా అది ఆటు సమయం. మోకాలు పగడానికి గీసుకుని నాకూ గాయమే, పాపం దానికీ గాయమే. మర్నాడు అదే చోట తొమ్మిదింటికి, పోటు నిండుతుండగా దిగాం. బయటి సముద్రపు తేట నీరు లోపలికొచ్చింది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పున్నమిలకు ప్రవాహాలు జోరుగా ఉంటాయి, అష్టమికి అటూఇటూగా నెమ్మదిస్తాయి. అష్టమి నాడు ప్రయాణం కూడదనే మా బావగారికి ఈ సంగతి మింగుడుపడలేదు.

అలల అంచనాలు ఇచ్చే ఆఫీసు మా ఇంటికి దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో ఉంది. 1999లో మొదలైన ఇన్‌కాయిస్, సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశమంతటికీ సముద్రం కబుర్లు చెబుతుంది. సునామీ హెచ్చరికలిచ్చేదీ అదే. నీరు వేడెక్కి పగడాలు తెల్లబడే ప్రమాదముంటే అదీ చెబుతుంది. వేడికి తాళలేక ఆ శైవలాలు వెళ్లిపోతే పగడం ఒంట్లోంచి కనిపించేది తెల్లటి అస్థిపంజరమే. 2010లో అండమాన్‌లో అలాగే జరిగింది.

లోతుకి పోతేనే అందం అనుకోకండి. నీరు ముందు మింగేది ఎరుపునే, అయిదారు మీటర్లు దాటితే ఎర్ర చేప కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. రంగులన్నీ పైనున్న రెండు మూడు మీటర్లలోనే. అక్కడ తల ముంచి కదలకుండా ఉంటే పటుక్కు, పటుక్కుమని చప్పుడు. చిలక ముక్కులాంటి నోరున్న పారట్ ఫిష్ రాతిని కొరుకుతోంది. రాతిమీది శైవలాలను తిని, పిండైన రాయిని తోక దగ్గర తెల్లటి పొగలా వదిలేస్తుంది. పగడపు దీవుల తెల్ల ఇసుకలో కొంత వాటా ఇదే.

ఒడ్డుకొచ్చాక ఇది చెప్పాను. బావగారు లేచి, తువ్వాలు పరుచుకుని మళ్లీ కూర్చున్నారు.