బ్రిటన్ కేర్ వీసాలు: యజమాని అర్హతను ఆలస్యంగా చూశారు

2008కి ముందు బ్రిటన్‌లో ఐరోపా బయటివాళ్లను పనిలో పెట్టుకోవాలంటే యజమాని ఒక్కో ఉద్యోగానికి విడిగా వర్క్ పర్మిట్ అడగాల్సి వచ్చేది. ఆ ఏడాది నవంబరులో పద్ధతి మార్చారు. కంపెనీని ముందే పరిశీలించి స్పాన్సర్ లైసెన్స్ ఇస్తారు. ఆ తర్వాత మనవాళ్లు సీఓఎస్ అని పిలిచే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌ను, ప్రభుత్వం కేటాయించిన సంఖ్య మేరకు, కంపెనీయే ఉద్యోగికి జారీ చేస్తుంది.

అర్హతలు కాగితం మీద గట్టిగానే ఉన్నాయి. సంస్థ నిజంగా నడుస్తోందని పత్రాలు చూపాలి, సాధారణంగా నాలుగైనా. బాధ్యత తీసుకునే అధికారికి నేరచరిత్ర ఉండకూడదు. ఉద్యోగం నిజంగా ఉండాలి. ఉద్యోగి వరుసగా పది పనిదినాలు చెప్పకుండా మానేస్తే హోం ఆఫీసుకు, అంటే అక్కడి హోం శాఖకు, తెలియజేయాలి.

2022 ఫిబ్రవరి 15న ఈ స్పాన్సర్ పద్ధతిలో ఇచ్చే వీసాను కేర్ వర్కర్లకూ తెరిచారు. కోవిడ్, బ్రెగ్జిట్ తర్వాత వృద్ధులను చూసుకునే మనుషులు దొరకని పరిస్థితి అది. అవసరం నిజమైనదే. కానీ ఈ రంగంలో చిన్న చిన్న సంస్థలే ఎక్కువ, జీతాలు తక్కువ. అక్కడ తనిఖీ ఇంకా గట్టిగా ఉండాల్సింది. జరిగింది వేరు. సరిహద్దులు, వలసల స్వతంత్ర తనిఖీ అధికారిగా పనిచేసిన డేవిడ్ నీల్ నివేదిక 2024 మార్చిలో బయటికొచ్చింది. అసలు లేనే లేని ఒక కేర్ హోమ్‌కు 275 సర్టిఫికెట్లు వెళ్లాయట. నలుగురే సిబ్బంది అని చెప్పుకున్న ఇంకో కంపెనీకి 1,234 ఇచ్చారు. దరఖాస్తులో రాసిన అంకెలను పక్కపక్కన పెట్టి చూసినా అనుమానం రావాల్సిన విషయం ఇది.

అప్పట్లో ఒక్కో సీఓఎస్‌కు యజమాని ప్రభుత్వానికి కట్టే ఫీజు 199 పౌండ్లు, 2023 అక్టోబరు నుంచి 239 పౌండ్లు. దాన్నే దళారులు లక్షల రూపాయలకు అమ్మారు. చదువు అయిపోయి, వీసా గడువు దగ్గరపడిన విద్యార్థులు అప్పు చేసి కొన్నారు. కొందరికి వెళ్లాక పనే లేదు. కంపెనీ లైసెన్స్ రద్దయితే వాళ్లకు మామూలుగా దొరికేది 60 రోజులు. ఈలోగా మరో స్పాన్సర్‌ను చూసుకోకపోతే దేశం వదలాలి. ఇందులో వాళ్లు చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2022 జూలై నుంచి 2024 డిసెంబరు వరకు కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు పోయాయని ప్రభుత్వమే చెప్పింది. ఆ సంస్థల కింద 39,000 మందికి పైగా కార్మికులున్నారు.

సవరణలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. 2024 మార్చి 11 నుంచి ఇంగ్లండ్‌లో సంరక్షణ సేవలను నియంత్రించే కేర్ క్వాలిటీ కమిషన్ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలే కొత్తవాళ్లను స్పాన్సర్ చేయాలన్నారు. మొదటి రోజే పెట్టాల్సిన షరతు ఇది. అదే రోజు నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు భార్యాబిడ్డలను తెచ్చుకునే వీలు కూడా పోయింది. ఆ ఏడాది చివర్లో లైసెన్స్ ఖర్చును కార్మికుడి నెత్తిన వేయకూడదన్న నిబంధన వచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి, ఇంగ్లండ్‌లోని యజమానులు విదేశాల నుంచి మనిషిని పిలిచే ముందు ఇప్పటికే బ్రిటన్‌లో ఉండి స్పాన్సర్‌ను పోగొట్టుకున్నవాళ్లకు అవకాశం ఇచ్చి చూడాలన్నారు. నా లెక్కలో నష్టపోయిన కార్మికుడికి పనికొచ్చింది ఇదొక్కటే. మూడు నెలలు తిరిగేసరికి, జూలై 22న, విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. అక్కడే ఉన్నవాళ్లు స్పాన్సర్‌ను మార్చుకోవడానికి 2028 జూలై వరకు వీలుంచారు.