అటక మీది రెండు కంప్యూటర్లకీ ఒక వైరు

చిన్నోడా, బుజ్జమ్మా,

కందుకూరు ఇంట్లో అటక మీద నుంచి నా పాత కంప్యూటర్లు రెండూ దించి దులిపారంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెండూ ఆన్ అయినయ్యంట కూడా! నేనేమో నెల్లూరులో మీ మామయ్య ఇంట్లో కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని కూర్చోనుండా, మీ మామయ్య ఆఫీసుకి పోయినప్పుడు చూసి ఇది టైపు కొడతుండా, తప్పులుంటే సర్దుకోండి.

మీకు కావాల్సింది పెద్ద డబ్బాలో, అంటే పెద్ద కంప్యూటర్లో ఉండే మీ అమ్మా నాన్నల పెళ్ళికార్డు, జాబ్‌వర్క్ షాపులో నేనే పేజీలు తీర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో కూర్చోని చేసింది. కానీ దాని యూఎస్‌బీ పోర్టులు తుప్పు పట్టి పోయినయ్, సీడీ డ్రైవు తలుపు తెరుచుకోదు, హార్డ్ డిస్క్ ఊడదీసి వేరేదానికి పెడదామంటే అది వెడల్పు పట్టీ వైరు ఉండే ఐడీఈ రకం, ఇప్పుడొచ్చే మెషీన్లకి ఆ సాకెట్టే ఉండదు. నెట్‌కి తగిలించి మెయిల్ చేసుకుందామనుకోబాకండి, రెండిట్లోనూ ఉండేది పాత విండోస్ ఎక్స్‌పీ, దానికి 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆపేశారు, నెట్‌లో పెడితే తలుపు లేని ఇంట్లో పడుకున్నట్టే. అందుకని పెద్ద డబ్బా నుంచి చిన్న డబ్బాకి నేరుగా వైరు వేసి లాగండి, చిన్నదానికి యూఎస్‌బీ బాగానే ఉండాది, ఆడ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి పోద్ది.

ఒకటి ముందే చెప్తుండా, రెండు పక్కలా ఒకే మూతి ఉండే యూఎస్‌బీ వైరు దొరికితే దాన్ని మాత్రం పెట్టబాకండి. రెండు కంప్యూటర్లూ 5 వోల్టుల కరెంటు ఒకదాని మీదకొకటి తోస్తయ్, పోర్టులు కాలిపోతయ్. మనకి కావాల్సింది కంప్యూటర్లని నెట్‌వర్క్‌లో కలిపే లాన్ వైరు.

ఆ లాన్ వైరుతో కూడా ఒక తిరకాసు ఉండాది. లోపల ఎనిమిది తీగలుంటయ్, కంప్యూటర్లో ఈ వైరు తగిలించే పాత నెట్‌వర్క్ కార్డులు వాడేది నాలుగే, 1, 2 పిన్నుల్లో పంపిస్తది, 3, 6 పిన్నుల్లో అందుకుంటది. బజార్లో దొరికే మామూలు వైరు తిన్నగా ఉంటది, 1 పోయి 1కే తగులుద్ది. అంటే రొయ్యల గుంట కాడ రెండు మోటార్ల డెలివరీ పైపులు తెచ్చి ఒకదానికొకటి బిగించినట్టు, రెండూ తోస్తానే ఉంటయ్, తీసుకునేది ఎవురు? అందుకని వైరుకి ఒక కొసలో రంగులు మార్చి బిగించాలి, దాన్నే క్రాసోవర్ అంటారు. ఇప్పటి కొత్త కంప్యూటర్లు ఏ వైరు పెట్టినా వాటికవే సర్దుకుంటయ్‌లే, మనవి ఆ తెలివి రాకముందువి.

బీరువా కింద అరలో క్రింపింగ్ టూలు, నీలం వైరు చుట్ట, ఒక మాత్రల డబ్బాలో వైరు కొసకి బిగించే జాక్‌లు ఉంటయ్, ఆ టూలుతోనే నొక్కి బిగించాలి. జాక్‌ని లాక్ కిందకుండేట్టు, వైరు దూర్చే బొక్క మీ వైపు ఉండేట్టు పట్టుకుంటే ఎడమ చివరది 1. మొదటి కొసకి తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లబ్రౌను, బ్రౌను. రెండో కొసకి నారింజ ఉన్నకాడ ఆకుపచ్చ, ఆకుపచ్చ ఉన్నకాడ నారింజ, మిగతావి కదిలించే పన్లేదు. తీగల మెలి అరంగుళం కంటే ఎక్కువ విప్పబాకండి.

ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత ఎందుకు దూరిందా అని మీకు అనుమానం రావాలి, నాకు రాలా. షాపు పెట్టిన కొత్తల్లో, ఫ్లెక్సీ బ్యానరు ఫైలు 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టక ఈ వైరు సంగతి తెలుసుకోని, వరస అందంగా లేదని నేనే సర్ది రెండు ఆకుపచ్చలూ పక్కపక్కన 3, 4లో పెట్టి, రెండో కొసలో 1, 2 పోయి 3, 6కి, 3, 6 పోయి 1, 2కి తగిలేట్టు బిగించా. లైటు వెలిగింది, అవతలిది పలకతందా అని చూసే పింగ్‌కి జవాబొచ్చింది, చిన్న లెటరు పోయింది. బ్యానరు పంపితే సగంలో ఆగింది! మళ్ళీ పంపితే మళ్ళీ ఆగింది, విండోస్‌ని తిట్టా, కార్డు మార్చా, మూడు రోజులు పోయినయ్. తీరా చూస్తే తప్పు నాదే. మెలేసుకున్న జతలో రెండు తీగల్లోనూ ఒకే సిగ్నలు ఎదురుబొదురుగా పోతంటే బయటి గోల రెండిటికీ సమానంగా తగిలి కొట్టుడుపోద్ది, నేనేమో 3 ఒక జతలోది, 6 ఇంకో జతలోది చేసిపెట్టా, ఇంక ఆ మెలికలు ఉండీ లాభమేంది. నడిమి 4, 5 టెలిఫోను జత కోసం వదిలేసిన చోటంట, అందుకే 3 పోయి 6తో జతకట్టింది.

వైరు పెట్టాక వెనక పచ్చ లైటు వెలిగితే సగం పని అయినట్టే. లోకల్ ఏరియా కనెక్షన్‌లో ఐపీ అడ్రసు పెద్దదానికి 192.168.0.1, చిన్నదానికి 192.168.0.2, రెండిటికీ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీగా వదిలెయ్యండి, ఈడ బయటికి పోయే దారే లేదుగా. పెద్దది ఎక్స్‌పీ హోమ్, దాని వర్క్‌గ్రూపు పేరు ఎంఎస్‌హోమ్ అని ఉంటది, చిన్నది ప్రో, దాన్లో వర్క్‌గ్రూప్ అనే ఉంటది, రెండూ ఒకటే పేరు చేసి రీస్టార్ట్ చెయ్యండి. ఫైర్‌వాల్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కి టిక్ పెట్టి, పెద్దదాంట్లో ఆ ఫోల్డరుకి షేరింగ్ ఇచ్చి, చిన్నదాంట్లో రన్ తెరిచి రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి 192.168.0.1 కొట్టండి. నెట్‌వర్క్ ప్లేసెస్‌లో కనపడలేదని కూర్చోబాకండి, అది దానిష్టమొచ్చినప్పుడు చూపిస్తది.

స్పీడు సెకనుకి 100 మెగాబిట్లు, బైటుకి 8 బిట్లు గనక 12 ఎంబీకి కాస్త పైన, చేతికందేది ఎనిమిదో తొమ్మిదో. ఒక జీబీ రెండు నిమిషాల్లో వస్తది. విండోస్ 95 కాలంలో సీరియల్ వైరుతో కలిపేవాళ్ళం, ఎంత తోసినా సెకనుకి 11 కేబీ, అదే జీబీకి ఒక రోజు పట్టేది.

కార్డు ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే తెరిచాక పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనపడతయ్, ఫైలు పాడైందనుకోని ఏడవబాకండి. ఆ రోజుల్లో తెలుగు అను ఫాంట్లతో కొట్టేవాళ్ళం, ఇప్పటి యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు అతికించినట్టు ఉంటది. అందుకని విండోస్‌లో ఫాంట్స్ ఫోల్డరు నుంచి ఆ ఫాంట్లు కూడా లాక్కోండి. పేజ్‌మేకర్ చిన్నదాంట్లో కూడా ఉండాది, ఆడనే తెరిచి ప్రింటు తీయండి. మూడో లైన్లో మీ తాతమ్మ పేరుకి దీర్ఘం తప్పు పడి ఉంటది, ఐదొందల కార్డులు అచ్చయిపోయినాక మీ అమ్మమ్మ చూసింది. దాన్ని దిద్దబాకండి, అట్టాగే ఉండనీయండి.

పెద్దదాని కీబోర్డులో ఎంటర్ లోపలికి ఇరుక్కుంటది, గోటితో పైకి లేపండి.

మీ తాతయ్య