తోక ఎటెల్లిపోనాది?

"మాస్టారూ, కప్పపిల్లకి తోక ఎటెల్లిపోనాది? బల్లి తోకలాగ తెగి పడిపోతాదా?"

చీపురుపల్లి వైపు ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న ఇది. ఊరికే అడగలేదు. వానలు మొదలైన దగ్గర్నుంచి వరిమడి గట్టున కూచుని చూస్తూనే ఉందట. అన్ని కప్పపిల్లలున్నా తెగిన తోక ఒక్కటీ నీళ్ళలో కనబడలేదట. వానల కోసం కప్పలకి పెళ్ళి చేసి ఊరేగించే పెద్దలు ఎందరో ఉన్నారు గానీ, ఆ పెళ్ళికొడుకు తోక సంగతి అడిగినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

తెగదమ్మా. బల్లి తోక విరుగుతుంది, కప్ప తోక కరుగుతుంది. ముందరి కాళ్ళు కూడా బయటికొచ్చిన తోకకప్పని మడినీళ్ళతో సహా ఒక తెల్ల గిన్నెలో ఉంచి చూడండి. తోకకి పైనా కిందా ఉండే పలచని రెక్కపొర మొదట ముడుచుకుంటుంది. తోక పొట్టిగా, మందంగా, నల్లగా అవుతుంది. చర్మంలో రంగు కణాలన్నీ దగ్గరకి జరగడం వల్ల వచ్చే నలుపు అది. వారం పది రోజులకి మొండి కూడా మిగలదు. ఆ రోజుల్లో కప్పపిల్ల ఏమీ తినదు. నాచు తినే నోరూ పేగూ పురుగులు తినే నోరుగా, పేగుగా మారుతుంటాయి, మరి తినడం ఎలాగ? తోకలో కండ, చర్మం, నరం, రక్తనాళం అన్నీ విడివడి ఒంట్లోకే చేరుతుంటాయి. ఆ తోకే దాని తిండి.

కణం గురించి పుస్తకంలో ఉన్నదంతా, కణత్వచం, గాల్జీ సంక్లిష్టం, బొమ్మ గీసి భాగాలు గుర్తించడం, ఇక్కడ వదిలేస్తున్నాను. అవి మార్కులకి పనికొస్తాయి. నాకు మాత్రం తోకతోనే పని.

తోకకి ఈ కబురు పంపేది థైరాయిడ్ హార్మోన్. కప్పపిల్లకి థైరాయిడ్ గ్రంథి తీసేస్తే అది తోకతోనే పెరుగుతూ ఉండిపోతుంది. విచిత్రం ఏమిటంటే, అదే రక్తంలో, అదే హార్మోన్ కాళ్ళ దగ్గర "పెరగండి" అన్న మాటగా, తోక దగ్గర "పోండి" అన్న మాటగా పనిచేస్తుంది. కబురు ఒకటే. అందుకున్న కణం ఏ జన్యువుల్ని తెరిచిపెట్టుకుని కూచుందో దాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

బొంబాయిలో పుట్టి లండన్‌లో పనిచేసిన జంషెడ్ టాటా అనే శాస్త్రవేత్త 1966లో తోకల్ని కోసి గాజుపళ్ళెంలో పోషకద్రవం పోసి ఉంచాడు. ఒంటితో సంబంధం లేదు, రక్తం లేదు. హార్మోన్ చుక్క కలిపితే తోక పళ్ళెంలోనే కరిగిపోయింది. ఇంకో పళ్ళెంలో హార్మోన్‌తో పాటు ఆక్టినోమైసిన్ వేశాడు. అది కొత్తగా ఆర్ఎన్ఏ తయారుకాకుండా ఆపే విషం. ఆర్ఎన్ఏ లేకపోతే కొత్త ప్రొటీన్ లేదు. ఆ విషం పడిన తోక కరగలేదు!

ఇక్కడ కొంచెం ఆగాలి. విషం వేస్తే బతికింది. అంటే పోవడానికి ఆ కణం ఏదో తయారుచేసుకోవాల్సి ఉంది, తయారీ ఆపితే చావూ ఆగింది. చావంటే పని మానెయ్యడం అనుకుంటాం. ఈ కణాలకి చావే ఒక పని.

మన పల్లెల్లో తాటికమ్మల ఇల్లు రెండు రకాలుగా పోతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నిప్పురవ్వ పడితే అరగంటలో బూడిద, గాలివాలుంటే వీధి వీధంతా బూడిద. రెండోది, ఇంటాయన డాబా వేసుకుందామని పాక విప్పించడం. ముందు పొయ్యి దగ్గరి మనిషి బయటికొస్తుంది. కట్లు కోసి కమ్మలు దించుతారు. వాసాలు ఊడదీసి మోపులు కడతారు. దూలం దించి, ఆఖర్న నిట్రాట పీకుతారు. పనికొచ్చే కర్ర పక్కింటి పశువులశాలకి పోతుంది. సాయంత్రానికి చదును నేల. పక్కింట్లో ఆరేసిన పంచెకి మసి కూడా అంటదు.

కణాలు కూడా ఈ రెండు దారుల్లోనే పోతాయి. తగలబడడం నెక్రోసిస్, విప్పుకోవడం అపాప్టోసిస్. ఈ రెండోదాన్ని వేరుచేసి పేరు పెట్టింది 1972లో కెర్, వైలీ, క్యూరీ అనే ముగ్గురు. సూక్ష్మదర్శినిలో తేడా కళ్ళకి కడుతుంది. తగలబడే కణం ఉబ్బి పగిలి, లోపలి ఎంజైములన్నీ చుట్టూ చిమ్ముతుంది. అక్కడ వాపు, ఎరుపు, నొప్పి. విప్పుకునే కణం చిక్కిపోయి, పక్కవాటి నుంచి విడివడి, బుడగలు బుడగలుగా మోపులు కట్టుకుంటుంది. ఆ మోపుల్ని పక్క కణాలో, మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలో మింగేస్తాయి.

కట్లు కోసే కత్తి క్యాస్పేజ్ అనే ఎంజైము. ఇది బయటినుంచి రాదు, ప్రతి కణంలోనూ ముందే ఉంటుంది, పదును లేకుండా. పదును పెట్టేదెవరన్నది 1996లో తేలింది. అమెరికాలో షియావ్‌డాంగ్ వాంగ్ బృందం కణరసాన్ని రకరకాలుగా వడకట్టి, ఏ పదార్థం కలిపితే క్యాస్పేజ్ లేస్తుందో వెతికింది. దొరికినది సైటోక్రోమ్ సి. జీవశాస్త్రం చదివినవాళ్ళెవరికైనా అది పాత చుట్టం. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు అందించే ఎర్రటి చిన్న ప్రొటీన్, నూటనాలుగు అమైనో ఆమ్లాలది, మధ్యలో ఇనుము. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాకా ఎలక్ట్రాన్ చేరాలంటే దీని చేతిమీదుగా పోవాల్సిందే. పొయ్యి దగ్గరి మనిషి అన్నానే, ఆ మనిషి ఇదే. వంటింట్లో ఉన్నంతసేపూ ఇల్లు నడుస్తుంది. గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చిందంటే ఇల్లు విప్పమని అర్థం. వేరే సైగ అక్కర్లేదు.

గుమ్మం తెరిచేవి బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రొటీన్లు. మైటోకాండ్రియా బయటి పొరకి ఇవి చిల్లులు పెడతాయి. ఒకసారి మొదలైతే కణంలో ఉన్న మైటోకాండ్రియా అన్నీ పది నిమిషాల్లోపే ఖాళీ అవుతాయి. బయటపడ్డ సైటోక్రోమ్ సి వెళ్ళి ఎపాఫ్-1 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. అలాంటివి ఏడు కలిసి ఏడు ఆకుల చక్రంలా అమరుతాయి. దాన్ని అపాప్టోసోమ్ అంటారు. దాని నడుమ క్యాస్పేజ్-9 పదునెక్కుతుంది, అది వెళ్ళి క్యాస్పేజ్-3ని లేపుతుంది. ఇక కోత.

ఈ కత్తి కనబడ్డదల్లా నరకదు. ప్రొటీన్ గొలుసులో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నచోట, అదీ పక్కన తగిన అమైనో ఆమ్లాలుంటేనే, కోస్తుంది. అలా వందల రకాల ప్రొటీన్లు. కేంద్రకం గోడని నిలబెట్టే లామిన్లు తెగుతాయి, కేంద్రకం కూలుతుంది. ఒక డీఎన్ఏ కోత ఎంజైముకి నోటికి కట్టు కట్టి ఉంటుంది, ఆ కట్టు తెగుతుంది. అప్పుడు ఆ ఎంజైము డీఎన్ఏని సుమారు 180 అక్షరాలకో ముక్క చొప్పున కోస్తుంది. ఎందుకు 180? డీఎన్ఏ పోగు హిస్టోన్ అనే ప్రొటీన్ ఉండల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఉండకీ ఉండకీ మధ్య సందులోనే కత్తి దూరుతుంది కనక. ఆ ముక్కల్ని పొడవుని బట్టి వేరుచేసే జెల్‌లో పరిగెత్తిస్తే 180, 360, 540 అని వరసగా మెట్లు పడతాయి. నెక్రోసిస్‌లో మెట్లుండవు, చిందరవందరగా మరక ఉంటుంది. రాక్-1 అనే ఇంకో ప్రొటీన్ తెగితే కణం లోపలి తాళ్ళు బిగుసుకుని పొర బుడగలు తేలుతుంది. మోపులు కట్టేది అదే.

మరి ఇరుగుపొరుగుకి కబురో? కణం పొరకి లోపలి వరసలో ఫాస్ఫటిడైల్ సెరైన్ అనే కొవ్వు ఉంటుంది. అది బయటికి జారితే పట్టి లోపలికి నెట్టడానికే ఒక ఎంజైము రాత్రింబవళ్ళు కాపలా కాస్తుంది. క్యాస్పేజ్ ఆ కాపలాదారుని కోసి, లోపలిదీ బయటిదీ కలిపేసే మరో ప్రొటీన్‌ని మేల్కొలుపుతుంది. ఆ కొవ్వు పైకి తేలగానే మాక్రోఫేజ్ గుర్తుపట్టి తినేస్తుంది. ఇంకా ముందే, పొరలో ఒక గొట్టం మూత తెగి కణానికి శక్తినిచ్చే ఏటీపీ కాస్త బయటికి కారుతుంది. అదే పిలుపు.

మన పిల్లలకి లైసోజోములు "స్వయం విచ్ఛిత్తి సంచులు" అని నేర్పుతాం, కణం అవి పగిలే చస్తుందన్నట్టు. మైటోకాండ్రియాకి "శక్త్యాగారాలు" అని ఒక్క మాటతో సరిపెడతాం. చంపే తాళంచెవి ఉన్నది ఆ శక్త్యాగారంలోనే అని చెప్పే పాఠం ఇంకా రాలేదు. కప్ప తోకలో లైసోజోములకీ పని ఉంది, కాదనను. మింగిన మోపుల్ని అరిగించేది అవే. కండకీ చర్మానికీ మధ్య కొలాజెన్ పోగుల్ని కోసే ఎంజైము మాత్రం వేరు. వెన్నెముక జీవుల్లో దాన్ని మొట్టమొదట పట్టుకున్నది కూడా ఈ తోకకప్ప తోకలోనే, 1962లో.

ఇంత పనికి కూలి ఎవరిస్తారు? ఏటీపీ. ఏడు ఆకుల చక్రం అమరాలన్నా అదే కావాలి. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టాడు. చావాలన్న ఉత్తర్వు అందినా కణంలో ఏటీపీ లేకపోతే విప్పే పని సాగదు. కట్లు సగం కోసి వదిలేస్తే మిగిలేది మంటే. కొంత ఏటీపీ ఉంటే అపాప్టోసిస్, అడుగంటితే నెక్రోసిస్.

దీనికీ పాముకాటుకీ సంబంధం ఉంది. రక్తపింజరి కాటేస్తే దాని విషమే కండని కాలుస్తుంది. దానికి తోడు మనవాళ్ళు కాటుకి పైన తాడు పీకబిగించి కట్టి, మంత్రగాడి దగ్గరకి మోసుకుపోతారు. బిగించిన తాడు రక్తాన్ని ఆపుతుంది. రక్తం లేకపోతే ఆక్సిజన్ లేదు, ఆక్సిజన్ లేకపోతే ఏటీపీ లేదు. కాలు కదపకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్తే విషానికి విరుగుడు ఉంది. ఏటీపీ అయిపోయి ఉబ్బి పగిలిన కండకి విరుగుడు లేదు, కాలే తీసెయ్యాల్సి రావచ్చు. మంత్రం మీద నాకు కోపం దానివల్ల కాలం గడిచిపోతుందని. తాడు మీద అంతకంటే ఎక్కువ కోపం.

తోక సంగతి అలా ఉంచి కాళ్ళు చూద్దాం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ ఒకే చెట్టున గూళ్ళు పెడతాయి. సైబీరియా పక్షులని అందరూ అంటారు. ఆ రెండూ మన దక్షిణాసియావే, సైబీరియా ముఖం చూసి ఎరగవు. అయినా ఆ పక్షులొస్తే ఊరికి మంచిదని నమ్మి రాయి విసరకుండా కాపాడుతున్న ఊరివాళ్ళతో నేను వాదనకి దిగను. పక్షి కాళ్ళు మాత్రం దూరదర్శినితో చూడండి. గూడబాతుకి నాలుగు వేళ్ళనీ కలుపుతూ తోలుపొర. కొంగకి మొదట్లో కాస్త తప్ప వేళ్ళు విడివిడి. గుడ్డులో కాలు మొదట తెడ్డులాగే మొలుస్తుంది. వేళ్ళ మధ్య కణాలు అపాప్టోసిస్‌తో పోతేనే వేళ్ళు విడతాయి. కోడిపిండంలో ఆ మధ్య కణాలకి "పోండి" అని బీఎంపీ అనే ప్రొటీన్ తెచ్చే కబురు చేరకుండా 1996లో జో, నిస్వాండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అడ్డుకున్నారు. కోడికి బాతు కాలు వచ్చింది. బాతు పిండంలో ఆ కబురుని పట్టి ఆపే ప్రొటీన్ పుట్టుకతోనే ఉంటుంది.

మన చేతికీ ఇదే లెక్క. తల్లి కడుపులో రెండో నెల తిరిగేసరికి వేళ్ళు విడతాయి. రెండు మూడు వేల కాన్పుల్లో ఒక బిడ్డకి వేళ్ళు అతుక్కునే ఉంటాయి. పోవాల్సిన కణాలు పోలేదు, అంతే. గ్రహణం వేళ తల్లి కత్తి పట్టుకుందనో, వేళ్ళు ముడిచిందనో ఇప్పటికీ కోడళ్ళని దెప్పే అత్తలున్నారు. సూర్యుడికీ చంద్రుడికీ ఆ వేళ్ళ సందున ఏం పని?

ఒకే ఒక్క మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగులో శరీర కణాలు 1,090 పుడతాయి, 131 పోతాయి, 959 మిగులుతాయి. ఏ పురుగులో చూసినా అవే 131. ఈ పురుగు మీద చేసిన పనికి 2002లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన ఒంట్లో రోజుకి సుమారు 33,000 కోట్ల కణాలు మారిపోతున్నాయని ఒక లెక్క, ఎక్కువ భాగం రక్తంలోవి, తర్వాత పేగు పొరవి.

విప్పనని మొరాయించే కణాలూ ఉన్నాయి. గుమ్మానికి అడ్డంగా నిలబడి బ్యాక్స్‌నీ బ్యాక్‌నీ చెయ్యి వెయ్యనివ్వని ప్రొటీన్ బీసీఎల్-2. లింఫోమాలనే క్యాన్సర్లలో కొన్నింట్లో 14వ, 18వ క్రోమోసోముల ముక్కలు తారుమారై బీసీఎల్-2 జన్యువు జోరందుకుంటుంది. కణం విభజన వేగమేమీ పెరగదు. పోవాల్సినవి పోకుండా పోగుపడతాయి, అదే జబ్బు. వెనెటోక్లాక్స్ అనే మాత్ర ఆ అడ్డు మనిషినే పక్కకి లాగుతుంది. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

అది పనిచేసే తీరు ఎంత ఉధృతమంటే, కోట్లాది కణాలు ఒక్కసారిగా విప్పుకుంటే మోపులు ఎత్తేవాళ్ళు చాలరు. పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం రక్తంలోకి ముంచెత్తి కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. అందుకని దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న రోగికి ఈ మందు మొదటి వారం రోజుకి 20 మిల్లీగ్రాములే ఇస్తారు. తర్వాత 50, 100, 200, అయిదో వారానికి 400. ఆ అయిదు వారాలూ నీళ్ళు బాగా తాగిస్తూ, మోతాదు పెంచిన ప్రతిసారీ రక్తం తీసి పొటాషియం చూస్తారు.