టీబీ తేలాక షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు దేనికి? కొన్ని అపోహలు - వాస్తవాలు

"కఫంలో టీబీ ఉందని తేలిపోయిందిగా డాక్టర్, మళ్లీ ఈ రక్తపరీక్షలన్నీ ఎందుకు?" ఛాతీ వైద్యులకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. దాని వెనుక ఉండే అపోహల గురించి ఈ నాలుగు మాటలు.

అపోహ: షుగర్ ఉంటే ఈపాటికి నాకు తెలిసేది.

వాస్తవం: టీబీలో షుగర్‌ను పసిగట్టడం కష్టం. బరువు తగ్గడం, నీరసం రెండింటిలోనూ ఉంటాయి కాబట్టి అన్నీ టీబీ ఖాతాలోకే పోతాయి. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అది అదుపులో లేకపోతే మందులు వాడినా జబ్బు తిరగబెట్టే అవకాశం, ప్రాణాపాయం పెరుగుతాయి.

అపోహ: మొదటి పరీక్షలో ఎక్కువ వచ్చిందంటే ఇక జీవితాంతం షుగరే.

వాస్తవం: అలాగని ఏమీ లేదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు చక్కెర తాత్కాలికంగా పెరగొచ్చు. పరగడుపున చక్కెర 126 మిల్లీగ్రాములు గానీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.5 శాతం గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగర్ అంటాం కానీ, అంచున ఉన్న ఫలితాన్ని కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా తప్పుదోవ పట్టించవచ్చు. అయితే "టీబీ తగ్గితే అదే పోతుందిలే" అని వదిలేయడం ఇంకా ప్రమాదం.

అపోహ: షుగర్‌కు ఎప్పుడూ వేసుకునే మాత్రలే కదా, టీబీ మందులతో వాటికేం సంబంధం?

వాస్తవం: చాలా ఉంది. రిఫాంపిసిన్ అనే టీబీ మందు కాలేయాన్ని చురుకు చేసి గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలను త్వరగా కరిగించేస్తుంది. దాంతో పథ్యం సరిగ్గా చేస్తున్నా చక్కెర దిగదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రకు ఈ బెడద తక్కువ. కొందరికి ఇన్సులిన్ అవసరమవుతుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: టీబీ కోర్సు పూర్తయి రిఫాంపిసిన్ ఆపాక రెండు వారాల్లో దాని ప్రభావం తగ్గిపోతుంది. అప్పటిదాకా పెంచుకుంటూ వచ్చిన షుగర్ మందుల మోతాదు తగ్గించకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రలు కూడా రిఫాంపిసిన్ వల్ల బలహీనపడతాయి. వాటి సంగతీ ముందే చెప్పండి.

అపోహ: హెచ్‌ఐవీ పరీక్ష రాశారంటే నా నడవడికను అనుమానిస్తున్నట్టే.

వాస్తవం: టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఎవరైనా సరే, ఈ పరీక్ష చేయించుకోమని చెబుతాం. మీ అనుమతితోనే చేస్తారు, ఫలితం గోప్యంగా ఉంచుతారు. పాజిటివ్ అయితే సాధారణంగా టీబీ మందులు మొదలుపెట్టిన రెండు వారాల్లోపే హెచ్‌ఐవీ మందులూ మొదలవ్వాలి. మెదడు పొరలకు టీబీ వస్తే మాత్రం కొంత ఆగుతాం. ముందే తెలియకపోతే ఈ లెక్కంతా తప్పిపోతుంది.

అపోహ: మద్యం అలవాటు చెబితే తిడతారు.

వాస్తవం: తిట్టడానికి అడగం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనే టీబీ మందులు మూడూ కాలేయానికి ఇబ్బంది కలిగించగలవు. మద్యం గానీ, హెపటైటిస్ గానీ తోడైతే పచ్చకామెర్ల ముప్పు పెరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు కొన్ని మందులను రోజూ కాకుండా వారానికి మూడుసార్లే ఇస్తాం. నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా దాచకండి. డిప్రెషన్ వచ్చి మధ్యలో మందులు మానేసేవాళ్లుంటారు.

షుగర్ ఉన్నవాళ్లు మరో రెండు గమనించుకోవాలి. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు రావచ్చు, అందుకే దానితో పాటు విటమిన్ బీ6 ఇస్తాం. ఎథాంబుటాల్ అనే మరో టీబీ మందు కంటి నరం మీద ప్రభావం చూపగలదు. చూపు మసకబారినా, రంగుల్లో తేడా కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు చెప్పండి.