మెడలో బిళ్ళ: టీబీనా, హాడ్జ్‌కినా? 1832 నుంచి నడుస్తున్న పేచీ

మొన్న పొన్నూరు వైపు నుంచి ఒకాయన కొడుకుని తీసుకుని గుంటూరు కొత్తపేటలో మా ల్యాబ్‌కి వచ్చాడు. కుర్రాడికి పంతొమ్మిదేళ్లు, మెడకి ఎడం పక్క బిళ్ళ కట్టి ఏడాది దాటింది, చేతిలో మూడు రిపోర్టులు. మొదటిది సూది టెస్టు, అందులో గ్రాన్యులోమాలు (టీబీలో తరచూ కనిపించే రక్షణ కణాల గుంపులు) ఉన్నాయి, టీబీ కావచ్చు అని రాశారు, దాన్ని పట్టుకుని ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. రెండోది చిన్న ముక్క తీసి పంపింది, అందులోనూ గ్రాన్యులోమాలే, కింద క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి, అంటే పేషెంట్ లక్షణాలతో సరిచూసుకోండి అని ఒక లైను. మూడోదాన్లో హాడ్జ్‌కిన్ (లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో ఒక రకం) అనుమానం, ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో కణాలకి రంగు పట్టించి గుర్తుపట్టే టెస్టు) చేయించండి అని. ఆయన అడిగింది ఒకటే. "అమ్మా, ఒకే గడ్డని ముగ్గురు చూసి మూడు మాటలు ఎట్టా చెప్తారు?"

ఆ పూట నేను సగమే చెప్పగలిగా, మిగతా సగం ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ గొడవ గుంటూరులో పుట్టింది కాదు.

1832లో లండన్ గైస్ హాస్పిటల్‌లో థామస్ హాడ్జ్‌కిన్ అనే డాక్టర్, గ్రంథులు వాచి చనిపోయిన ఏడుగురి గురించి రాశాడు. మామూలు కంటితో చూసి రాసిందే అది, మైక్రోస్కోప్ వాడలేదు. తమాషా ఏంటంటే అంతకు ఐదేళ్ల ముందే ఆయన ఇంకొకాయనతో కలిసి మంచి మైక్రోస్కోప్ కింద రక్త కణాలు ఎట్టా ఉంటాయో రాసి ఉన్నాడు, అయినా ఈ గడ్డల దగ్గరకొచ్చేసరికి దాని జోలికి పోలేదు. 1865లో శామ్యూల్ విల్క్స్ ఈ జబ్బుకి హాడ్జ్‌కిన్ పేరు పెట్టాడు. గైస్ మ్యూజియంలో దాచిన ఆ పాత గడ్డల్లో దొరికినవాటిని 1926లో స్లైడ్లు కోసి చూస్తే కొన్నింట్లో నిజంగానే ఆ జబ్బు ఉంది, అన్నింట్లో లేదు. అంటే ఆ జబ్బుకి పేరు ఇచ్చిన మనిషి లిస్టులోనే వేరే జబ్బులు కలిసిపోయాయన్నమాట, ఇంక మనమెంత!

ఈలోగా 1882లో కాక్ టీబీ క్రిమిని పట్టుకున్నాడు. మన వాళ్లు గండమాల అంటూ వచ్చింది చాలావరకు ఈ గ్రంథుల టీబీనే. తర్వాత 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బర్గ్ హాడ్జ్‌కిన్ గడ్డల్లో పెద్ద పెద్ద కణాలు చూసి బ్రహ్మాండంగా వర్ణించాడు, కానీ ఇది టీబీలోనే ఒక వింత రకం అని తేల్చేశాడు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే గానీ ఆయన దగ్గరి పేషెంట్లలో చాలామందికి టీబీ కూడా ఉంది మరి. 1902లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో డొరొతీ రీడ్ అనే కుర్ర డాక్టరమ్మ కాదు, వీళ్లల్లో ట్యుబర్కులిన్ టెస్టు (టీబీ ఉందా అని చూసేది) నెగటివ్ వస్తోంది, ఇది వేరే జబ్బు అని గట్టిగా రాసింది. అక్కడ ఆడమనిషికి పై ఉద్యోగం దొరకదని తేలాక ఆ ఊరే వదిలి వెళ్లిపోయింది. ఆ కణానికి మాత్రం రీడ్-స్టెర్న్‌బర్గ్ అని ఇద్దరి పేర్లూ పెట్టారు, ఒకరు టీబీ అన్నారు, ఒకరు కాదన్నారు, పేరులో మాత్రం పక్కపక్కన కూర్చున్నారు.

స్లైడ్ మీద ఆ కణం గుడ్లగూబ మొహంలా ఉంటది, రెండు కళ్లు, మధ్యలో ఎర్రటి చుక్కలు. కాకపోతే గడ్డ మొత్తంలో అవి సాధారణంగా నూటికి ఒకటీ అరా, మిగతాదంతా వాటి చుట్టూ పోగైన మామూలు కణాలే. అసలు తిప్పలు ఇక్కడే, ఆ పోగులో గ్రాన్యులోమాలు కూడా ఉండొచ్చు, అచ్చం టీబీలో లాగానే. ఒక సెంటీమీటరు బిళ్ళని నాలుగు మైక్రాన్ల మందాన కోస్తే 2,500 పొరలు వస్తాయి, మేం చూసేది అందులో ఒకటో రెండో. సూదికైతే పొర కూడా రాదు, చెల్లాచెదురుగా కణాలే.

ఈ తిప్పలకి మందు లాంటిది దొరకడానికి 1975 దాకా ఆగాల్సొచ్చింది. కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని (ఒక్క గుర్తుకే అతుక్కునే ప్రొటీన్) కావాల్సినంత తయారుచేసే దారి కనిపెట్టారు, 1982లో జర్మనీ కీల్‌లో ఆ దారినే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాన్ని పట్టుకునే యాంటీబాడీ చేశారు, అది అతుక్కునే గుర్తునే మేం రోజూ సీడీ30 అంటాం. ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) నానిన ముక్కని మైక్రోవేవ్‌లో మరిగిస్తే ఈ యాంటీబాడీల రంగు బాగా పడుతుందని 1991లో తేలింది, తర్వాత ప్రెషర్ కుక్కర్ కూడా వచ్చి చేరింది, మా ల్యాబ్ కుక్కర్ చూసినవాళ్లు పప్పు ఉడుకుతుందా మేడమ్ అని అడుగుతారు. ఆ కణం పుట్టుక బీ కణమే (తెల్ల రక్త కణాల్లో ఒక రకం) అని 1994లో గానీ రుజువు కాలేదు.

ఇంత చరిత్ర ఉన్నా మన దగ్గర కేసు పాడయ్యేది మాత్రం సీసాలోనే. బిళ్ళ మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే టీబీ కల్చర్ (క్రిమిని పెంచి చూసే టెస్టు) దారి మూసుకుపోద్ది, మొత్తం సెలైన్‌లో వేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచితే కణాలు కుళ్లి మాకు ఏమీ కనపడదు. సగం ఇందులో, సగం అందులో అని ఎన్నిసార్లు చెప్పినా ఒక నర్సింగ్ హోమ్ నుంచి నాకు ఇప్పటికీ సెలైన్ సీసానే వస్తది, ఫారం మీద ఒకటే మాట, "గడ్డ". జ్వరం ఉందా, బరువు తగ్గాడా, ఏమీ ఉండదు. దానికి తోడు ఊళ్లో ఆర్ఎంపీ స్టెరాయిడ్ పొడిచి ఉంటే బిళ్ళ కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటది, లింఫోమా అయితే స్లైడ్ మీద గుర్తుపట్టడమే కష్టమైపోద్ది. టీబీ మందులు వాడుతుండగా బిళ్ళ పెరిగినా అది లింఫోమానే అనడానికి లేదు, టీబీ గ్రంథులు కూడా మందుల మీద ఉండగానే ఒక్కోసారి ఉబ్బుతాయి.

ఈ కుర్రాడికి సర్జన్ బిళ్ళ మొత్తం తీసి రెండు సీసాల్లో పంపాడు. టీబీ టెస్టు నెగటివ్. మా దగ్గర అన్ని యాంటీబాడీలు లేవు కాబట్టి బ్లాకులు (మైనంలో పోతపోసిన ముక్కలు) హైదరాబాద్ పంపించాం, మే నెల, అందుకే బైక్ డిక్కీలో పెట్టొద్దని ఆయనకి రెండుసార్లు చెప్పా, ఆ మైనం 60 డిగ్రీల లోపే కరుగుద్ది. వారానికి రిపోర్ట్ వచ్చింది, సీడీ30, అలాంటిదే ఇంకో గుర్తు సీడీ15, రెండూ పాజిటివ్, హాడ్జ్‌కిన్. చాలామందికి నయమయ్యే జబ్బే ఇది, కీమో మొదలైంది.

అయితే మొదటాయన తప్పు చెప్పాడా అమ్మా అని ఆ తండ్రి మళ్లీ అడిగాడు. ఆ పాత సూది స్లైడ్లు తెప్పించి మధ్యాహ్నమంతా కూర్చుని మూల మూలా గాలించా. గ్రాన్యులోమాలు ఉన్నాయి, ఆయన రాసినట్టే ఉన్నాయి. గుడ్లగూబ కళ్లు ఒక్క జత కూడా లేవు.